హైదరాబాద్-ముంబై బుల్లెట్ రైలు: మ్యాప్ మీద గీత పడింది.. మరి పట్టాలు పడాలంటే ఏమేం జరగాలి?

హైదరాబాద్ నుంచి ముంబైకి మూడు గంటలే! ఈ హెడ్‌లైన్ మీ ఫోన్‌లోకి ఇప్పటికే చాలాసార్లు వచ్చి ఉంటుంది. 2020లో వచ్చింది. ఆ తర్వాతా వస్తూనే ఉంది. 2026 ఫిబ్రవరి 1న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ బడ్జెట్ ప్రసంగంలో ఏడు హైస్పీడ్ రైలు కారిడార్లు ప్రకటించాక మళ్లీ వైరల్ అయ్యింది. ఆ ఏడింటిలో మూడు హైదరాబాద్‌ను తాకేవే: పుణె-హైదరాబాద్, హైదరాబాద్-బెంగళూరు, హైదరాబాద్-చెన్నై.

ఇంకోపక్క వాస్తవం ఇది. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నం ఎక్కితే ముంబైలో దిగేది మర్నాడు తెల్లారేసరికి. సుమారు 14 గంటలు. సికింద్రాబాద్-పుణె శతాబ్దికే ఎనిమిది గంటలకు పైన పడుతుంది. ఈ 14 గంటలు మూడు గంటలు కావాలంటే మధ్యలో ఏం జరగాలి? అందులో ఎవరి పొలం పోతుంది, ఎవరి ఊళ్లో స్టేషన్ వస్తుంది? గీత పడగానే ప్లాట్లు కొనేయొచ్చా? దేశంలో ఇప్పటిదాకా పనులు నడుస్తున్న బుల్లెట్ రైలు ఒక్కటే, ముంబై-అహ్మదాబాద్. దాని అనుభవాన్ని పక్కన పెట్టుకుని చూస్తే చాలా ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది.

ఈ లైన్ కథ ఎక్కడ మొదలైంది?

నేషనల్ హైస్పీడ్ రైల్ కార్పొరేషన్ లిమిటెడ్, అంటే ఎన్‌హెచ్‌ఎస్‌ఆర్‌సీఎల్, 2016 ఫిబ్రవరిలో ఏర్పడిన సంస్థ. ముంబై-అహ్మదాబాద్ లైన్ కట్టడానికే దాన్ని పెట్టారు. తర్వాత రైల్వే శాఖ ఇంకో ఏడు మార్గాలకు సవివర ప్రాజెక్టు నివేదిక, అంటే డీపీఆర్, తయారు చేసే పనిని కూడా దానికే అప్పగించింది. అందులో సుమారు 711 కిలోమీటర్ల ముంబై-హైదరాబాద్ ఒకటి. నవీ ముంబై, పుణె, పండరీపురం, సోలాపూర్, కలబురగి మీదుగా రావాలన్నది ప్రతిపాదన. తెలంగాణలోకి వచ్చాక ఎక్కడ ఆగుతుందన్న దానికి జహీరాబాద్ పేరూ, వికారాబాద్ పేరూ రెండూ వినిపిస్తూ వచ్చాయి.

2026 బడ్జెట్ జాబితాలో అదే దారి ముంబై-పుణె, పుణె-హైదరాబాద్ అని రెండు పేర్లతో కనిపించింది. పేరు మారింది కదా అని లైన్ పోయిందనుకోనక్కర్లేదు. అలాగని బడ్జెట్‌లో పేరు చదివినంత మాత్రాన లైన్ మంజూరైనట్టూ కాదు. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు.

ఇంకో చిన్న సంగతి. దీన్ని వందే భారత్‌తో కలిపేయొద్దు. వందే భారత్ నడిచేది ఇప్పుడున్న బ్రాడ్‌గేజ్ పట్టాల మీదే, ఆ పట్టాల వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. ముంబై-అహ్మదాబాద్ బుల్లెట్ రైలుకి 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్ వేస్తున్నారు. అంటే ఈ లైన్ మీదకి మామూలు రైలు రాలేదు, ఆ రైలు మామూలు లైన్‌లోకి దిగలేదు. వంతెన, స్టేషన్, డిపో, సిగ్నల్ అన్నీ మొదటి నుంచి కొత్తగా కట్టాల్సిందే.

గీత అంటే గీత కాదు, మూడు దశలు

మ్యాప్ మీద రెండు ఊళ్లను కలుపుతూ గీసే గీతని కారిడార్ అంటారు. అది ఎటువైపైనా కొన్ని కిలోమీటర్లు జరగొచ్చు. తర్వాత సర్వే చేసి దాన్ని అలైన్‌మెంట్‌గా మారుస్తారు, అప్పుడు అది మీటర్ల లెక్కలోకి వస్తుంది. చివరగా గెజిట్ నోటిఫికేషన్ వస్తుంది. అందులో గ్రామం పేరు, సర్వే నంబరు, ఎంత విస్తీర్ణం అన్నది ఉంటుంది. ఈ మూడో కాగితం వచ్చేదాకా ఫలానా పొలం పోతుందనిగానీ, ఫలానా చోట స్టేషన్ వస్తుందనిగానీ ఎవరూ ఖాయంగా చెప్పలేరు. వాట్సాప్‌లో తిరిగే రంగురంగుల మ్యాపులు ఎక్కువగా మొదటి దశవే.

సర్వేకి ఇప్పుడు లైడార్ అనే పద్ధతి వాడుతున్నారు. హెలికాప్టర్ లేదా విమానానికి లేజర్ పరికరం, కెమెరాలు కట్టి పై నుంచి భూమిని స్కాన్ చేస్తారు. ప్రతిపాదిత మార్గానికి రెండువైపులా ఉన్న ఇళ్లు, చెట్లు, కాలువలు, కరెంటు తీగలు అన్నీ అందులో పడతాయి. మామూలుగా 10 నుంచి 12 నెలలు పట్టే పని ముంబై-అహ్మదాబాద్ లైన్‌లో 12 వారాల్లో అయిపోయింది. కాబట్టి మీ ఊరి మీద హెలికాప్టర్ తిరిగిందంటే సర్వే జరుగుతోందని అర్థం కావొచ్చు. భూసేకరణ మొదలైందని మాత్రం కాదు.

అలైన్‌మెంట్ విషయంలో జనానికి అంతగా తెలియనిది వంపు సంగతి. గంటకి 320 కిలోమీటర్ల వేగంలో రైలు టక్కున తిరగలేదు. ముంబై-అహ్మదాబాద్ లైన్‌లో మామూలు చోట్ల వంపు వ్యాసార్థం కనీసం 6 కిలోమీటర్లు ఉండేలా డిజైన్ చేశారు. దీనివల్ల ఒక ఊరిని తప్పించాలంటే ఆ ఊరి పొలిమేరలో పక్కకి జరిపితే సరిపోదు, కొన్ని కిలోమీటర్ల ముందు నుంచే గీతని వంచుకుంటూ రావాలి. వంచితే ఇంకో ఊరి మీదకి వెళ్తుంది. నేషనల్ హైవే విషయంలో చివరి నిమిషంలో 200 మీటర్లు జరిపించుకున్న ఊళ్లు ఉండొచ్చుగానీ, ఇక్కడ ఆ ఆటలు సాగవు. అభ్యంతరం ఏదైనా ఉంటే అలైన్‌మెంట్ గట్టిపడక ముందే చెప్పాలి.

హైదరాబాద్-ముంబై దారిలో అసలు పరీక్ష లోనావాలా దగ్గరి బోర్ ఘాట్. దక్కన్ పీఠభూమి మీద నుంచి కొంకణ్ తీరానికి దిగే చోటు అది. ఇప్పటికీ కర్జత్ నుంచి పైకెక్కే రైళ్లకి వెనక అదనపు ఇంజిన్లు తగిలిస్తారు. బుల్లెట్ రైలుకి అంత నిటారు దారి పనికిరాదు. పొడవాటి సొరంగాలు తవ్వక తప్పదు. ఈ మొత్తం మార్గంలో ఖర్చు ఎక్కడ పేలుతుందంటే ఎక్కువమంది వేలు చూపించేది ఇటువైపే. దాంతో పోలిస్తే పుణె దాటాక సోలాపూర్, కలబురగి మీదుగా మన వైపు వచ్చే నేల చదునుగా ఉంటుంది. అందుకే పుణె-హైదరాబాద్‌ని విడిగా చూపడంలో లాజిక్ లేకపోలేదు. అయితే అక్కడా ఆలోచించాల్సినవి ఉన్నాయి. సోలాపూర్ పక్కనే నాన్నజ్‌లో బట్టమేక పిట్ట అభయారణ్యం ఉంది. దేశంలో అంతరించిపోయే దశలో ఉన్న పక్షి అది.

మూడు గంటలు నిజమేనా?

లెక్క వేసి చూద్దాం. ముంబై-అహ్మదాబాద్ 508 కిలోమీటర్లు. కొన్ని స్టేషన్లలోనే ఆగే రైలుకి 2 గంటల 7 నిమిషాలు, అన్ని స్టేషన్లలో ఆగే రైలుకి 2 గంటల 58 నిమిషాలు పడుతుందన్నది అధికారిక అంచనా. అంటే సగటు వేగం మొదటిదానికి 240, రెండోదానికి 171 కిలోమీటర్లు. ఇదే వేగాన్ని 711 కిలోమీటర్లకి పెడితే ఫాస్ట్ రైలు దాదాపు 3 గంటలు, అన్నిచోట్లా ఆగేది 4 గంటల 10 నిమిషాలు. కాబట్టి మూడు గంటలన్నది అబద్ధం కాదు, కానీ తక్కువ స్టాపుల రైలుకి మాత్రమే. జహీరాబాద్‌లోనో వికారాబాద్‌లోనో ఎక్కాలనుకునేవాళ్లు రెండో లెక్క గుర్తుపెట్టుకోవడం మంచిది.

విమానంతో పోటీ కూడా ఇక్కడే తేలుతుంది. ప్రయాణం మూడు గంటల లోపు ఉంటే జనం విమానం వదిలి రైలెక్కుతారని చాలా దేశాల అనుభవం. తైవాన్‌లో 2007లో హైస్పీడ్ రైలు మొదలయ్యాక తైపే-కావోష్యుంగ్ మధ్య విమానాలు తగ్గుతూ వచ్చి 2012 నాటికి పూర్తిగా ఆగిపోయాయి. అదే తైవాన్‌లో ఇంకో పాఠం కూడా ఉంది. ప్రయాణికుల సంఖ్య మొదట్లో వేసిన అంచనాలకు చాలా దూరంలో ఉండిపోవడంతో కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది, 2015లో ప్రభుత్వం ఆదుకోవాల్సి వచ్చింది. రైలు బాగానే నడిచింది, లెక్కే తప్పింది. డీపీఆర్‌లో అందరి కంటా పడకుండా ఉండే అధ్యాయం ఈ ప్రయాణికుల అంచనానే. నిజానికి మిగతా అధ్యాయాలన్నీ దాని మీదే నిలబడతాయి.

మరి మన దారిలో ఎక్కేదెవరు? ఐటీ ఉద్యోగులు, వ్యాపారులు ఎక్కుతారు, అందులో డౌట్ లేదు. సోలాపూర్‌లో తరతరాలుగా మగ్గం, పవర్‌లూమ్ పనిలో ఉన్న తెలుగు పద్మశాలి కుటుంబాలున్నాయి. ముంబై, భివండీలకు పనికి వెళ్లే పాలమూరు, కరీంనగర్ జనం ఉన్నారు. ఈ దారిలో ఏళ్ల తరబడి తిరుగుతున్నది వాళ్లే. టికెట్ ధర ఏసీ స్లీపర్ బస్సు దగ్గర ఉంటుందా, విమానం దగ్గర ఉంటుందా అన్నదాన్ని బట్టే వాళ్లు ఆ రైల్లో కనిపిస్తారా లేదా అన్నది తేలుతుంది. దీని గురించి నాయకులు మాట్లాడేది తక్కువ.

స్టేషన్ ఎక్కడ పెడతారన్నదీ అంతే ముఖ్యం. అహ్మదాబాద్‌లో బుల్లెట్ స్టేషన్‌ని ఇప్పుడున్న కాలుపూర్ రైల్వే స్టేషన్‌లోనే ప్లాట్‌ఫారాల పైన కడుతున్నారు. దిగి నేరుగా మామూలు రైలెక్కొచ్చు. సూరత్‌లో మాత్రం నగరం బయట అంత్రోలి దగ్గర పెట్టారు. హైదరాబాద్‌లో బెంగళూరు, చెన్నై లైన్లు కూడా వచ్చి కలవాలి కాబట్టి మూడింటికీ కలిపి ఒకే స్టేషన్ ఎక్కడన్నది పెద్ద నిర్ణయం. నగరం చివర పెడితే భూమి తేలిగ్గా దొరుకుతుంది. కానీ ఉప్పల్‌లో ఉండేవాళ్లకి స్టేషన్‌కి చేరడానికే గంటన్నర పడితే, మూడు గంటల ప్రయాణం నాలుగున్నర అవుతుంది.

14 ఏళ్లు ఎందుకు పట్టింది?

ముంబై-అహ్మదాబాద్ మీద భారత్, జపాన్ కలిసి అధ్యయనం మొదలుపెట్టింది 2013లో. నివేదిక 2015లో వచ్చింది. ఆ డిసెంబర్‌లో జపాన్ ప్రధాని షింజో అబే వచ్చినప్పుడు ఒప్పందం కుదిరింది. 2017 సెప్టెంబర్ 14న అబే, మోదీ కలిసి శంకుస్థాపన చేశారు. అప్పట్లో పెట్టుకున్న గడువు 2023. భూసేకరణ నూటికి నూరు శాతం పూర్తయింది 2024 జనవరిలో! అంటే రైలు తిరగాల్సిన గడువు దాటాక భూమి మొత్తం చేతికొచ్చింది. గుజరాత్ భాగంలో తొలి రైలు 2027 ఆగస్టులో నడుస్తుందని రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ చెప్పారు. అధ్యయనం మొదలైనప్పటి నుంచి లెక్కపెడితే 14 ఏళ్లు, అదీ మొదటి ముక్కకే.

ఆలస్యం ఇంజనీరింగ్ కష్టం వల్ల వచ్చిందనుకుంటే పొరపాటే. 40 మీటర్ల పొడవు, దాదాపు 970 టన్నుల బరువున్న గర్డర్లను ఒక్కసారే ఎత్తి పెట్టే యంత్రాలొచ్చాయి, గుజరాత్‌లో స్తంభాలు చకచకా లేచాయి. ఎక్కువ టైమ్ తిన్నది భూమి, అనుమతులు. గుజరాత్‌లో 100 మందికి పైగా రైతులు హైకోర్టుకి వెళ్లారు. 2011 నాటి ప్రభుత్వ భూమి విలువల మీద పరిహారం లెక్క కడుతున్నారన్నది వాళ్ల ప్రధాన అభ్యంతరం. 2019 సెప్టెంబర్‌లో కోర్టు ఆ పిటిషన్లను కొట్టేసింది. మహారాష్ట్రలో పాల్ఘర్ జిల్లా ఆదివాసీ గ్రామసభలు వద్దని తీర్మానాలు చేశాయి. ముంబై విక్రోలిలో దాదాపు 10 ఎకరాల కోసం గోద్రెజ్ అండ్ బాయ్స్‌తో నడిచిన వివాదం 2023 ఫిబ్రవరిలో బాంబే హైకోర్టు తీర్పుతో తేలింది. సుమారు 22,000 మడ చెట్లు కొట్టడానికి అదే కోర్టు 2022 డిసెంబర్‌లో అనుమతిచ్చింది. థానే క్రీక్ కింద 7 కిలోమీటర్లు సహా మొత్తం 21 కిలోమీటర్ల సొరంగం పని గుజరాత్ పనుల కంటే బాగా వెనక నడుస్తోంది.

ఇందులో రాష్ట్రాల పాత్ర చూడండి. డబ్బు, టెక్నాలజీ కేంద్రం తెచ్చినా, భూమి సేకరించి ఇవ్వాల్సింది రాష్ట్ర యంత్రాంగమే. గుజరాత్‌లో త్వరగా కదిలింది, మహారాష్ట్రలో 2022లో ప్రభుత్వం మారాకే స్పీడ్ వచ్చింది. మన లైన్‌కి మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ.. మూడు రాష్ట్రాలు ఒకే వేగంతో కదలాలి.

డబ్బు సంగతి కూడా తక్కువేం కాదు. ముంబై-అహ్మదాబాద్‌కి మొదట్లో వేసిన అంచనా 1,08,000 కోట్ల రూపాయలు. అందులో 81 శాతం జపాన్ సంస్థ జైకా అప్పు, 0.1 శాతం వడ్డీకి, 50 ఏళ్లలో తీర్చేలా, మొదటి 15 ఏళ్లు అసలు కట్టక్కర్లేకుండా. వాటా మూలధనంగా కేంద్రం 10,000 కోట్లు, గుజరాత్, మహారాష్ట్ర చెరో 5,000 కోట్లు ఇవ్వాలని అనుకున్నారు. అలాంటి తేలిక అప్పు ప్రతి కారిడార్‌కీ దొరుకుతుందని అనుకోలేం. తెలంగాణ, కర్ణాటకల వాటా ఎంతన్నది అడగాల్సిన ప్రశ్న.

పొలం పోయే రైతు తెలుసుకోవాల్సింది

మంచి వార్త ఒకటుంది. బుల్లెట్ రైలు లైన్ ఎక్కువ భాగం స్తంభాల మీద వెళ్తుంది. కింద పెద్ద కట్ట పోయనక్కర్లేదు కాబట్టి 17.5 మీటర్ల వెడల్పు చాలు. 711 కిలోమీటర్లకి ఆ లెక్కన సుమారు 3,075 ఎకరాలు. స్టేషన్లు, డిపోలు అదనం. 508 కిలోమీటర్ల అహ్మదాబాద్ లైన్‌కే ఇవన్నీ కలిపి 3,400 ఎకరాలకు పైగా తీసుకున్నారు. స్తంభాల కింద నుంచి బండ్ల బాట, కాలువ, పశువుల దారి పోతాయి. ఊరు రెండు ముక్కలయ్యే బాధ తగ్గుతుంది.

ఇక పరిహారం. 2013 భూసేకరణ చట్టం ప్రకారం మార్కెట్ విలువని గ్రామీణ ప్రాంతంలో 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నిర్ణయించే గుణకంతో హెచ్చించి, దానికి అంతే మొత్తం సొలేషియం కలుపుతారు. ఉదాహరణకి ఎకరం మార్కెట్ విలువ 20 లక్షలు, గుణకం 1.5 అనుకుంటే 30 లక్షలు, సొలేషియంతో 60 లక్షలు. వినడానికి బాగుంది. చిక్కంతా ఆ 20 లక్షల దగ్గరే. చట్టం దృష్టిలో మార్కెట్ విలువంటే ఊళ్లో జనం చెప్పుకునే రేటు కాదు. రిజిస్ట్రేషన్ విలువ లేదా దగ్గర్లో గత మూడేళ్ల సేల్ డీడ్లలో ఎక్కువ ధరకి జరిగిన సగం డీడ్ల సగటు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది. స్టాంప్ డ్యూటీ తగ్గుతుందని కోటి రూపాయల ఎకరాన్ని కాగితం మీద 20 లక్షలు చూపించే అలవాటు ఉన్నచోట ఆ తక్కువ కాగితాలే రేపు పక్క పొలం రైతు మెడకి చుట్టుకుంటాయి. గుజరాత్ రైతులు కోర్టులో పోరాడింది కూడా దాదాపు ఇలాంటి చిక్కు మీదే.

నోటిఫికేషన్ ఏ చట్టం కింద వచ్చిందన్నది మొదట చూసుకోవాలి. 2013 చట్టం కింద అయితే అభ్యంతరం చెప్పడానికి 60 రోజుల టైమ్ ఉంటుంది. ప్రత్యేక రైల్వే ప్రాజెక్టుగా 1989 రైల్వే చట్టం కింద వస్తే 30 రోజులే. కౌలు రైతులు, ఆ భూమి మీద ఆధారపడ్డ కూలీలు కూడా 2013 చట్టం లెక్కలో ప్రభావిత కుటుంబాలే. కాకపోతే మూడేళ్లుగా అదే ప్రధాన జీవనాధారమని చూపించాలి. నోటి మాట మీద కౌలు నడిచే ఊళ్లలో ఆ కాగితం ఎక్కడి నుంచి వస్తుంది? అధికారులు సర్వేకి వచ్చినప్పుడే పేరు రాయించుకోకపోతే తర్వాత నిరూపించుకోవడం చాలా కష్టం.

ప్లాట్లు కొనేవాళ్లకి కూడా ఒక మాట. బ్రోచర్ మీద బుల్లెట్ రైలు బొమ్మ, 'స్టేషన్‌కి 5 నిమిషాలు' అన్న లైన్ కనిపిస్తే అమ్మేవాళ్లని ఒకే ప్రశ్న అడగండి: గెజిట్ నోటిఫికేషన్ నంబరెంత? నంబరు ఉంటే అందులో గ్రామం, సర్వే నంబర్లు ఉంటాయి, ఎవరైనా చూసుకోవచ్చు. ఇంకో రిస్క్ కూడా ఉంది. స్టేషన్‌కి మరీ దగ్గరనుకుని కొన్న ప్లాటే రేపు సేకరణలోకి వెళ్తే, చేతికొచ్చేది కొన్న ధర కాదు, పైన చెప్పిన లెక్క ప్రకారం వచ్చే పరిహారం.

పుణె-హైదరాబాద్ లైన్ ముందుకు కదిలిందని చెప్పాలంటే వరసగా మూడు వార్తలు రావాలి. డీపీఆర్‌కి కేంద్ర కేబినెట్ ఆమోదం. నిధులు ఎక్కడి నుంచో, రాష్ట్రాల వాటా ఎంతో చెప్పే ఒప్పందం. ఆ తర్వాత జిల్లాల వారీగా భూసేకరణ నోటిఫికేషన్లు. అహ్మదాబాద్ లైన్‌లో ఈ మూడూ అయ్యాక కూడా చివరి ఎకరం చేతికి రావడానికి ఏళ్లు పట్టింది.